తూములపాడు చెరువులో జంట నిర్ధారణ

శుభవార్త వచ్చే సమయానికి మంజరి పెసరట్టు తిరగేస్తోంది. చుట్టూ నిలబడి నలుగురు ఆడవాళ్ళు ఆ అట్టును ఎలా తిరగెయ్యాలో చెబుతున్నారు. అంచు నుంచి లేపమని ఒకరు, మధ్యలోకి అట్లకాడ దూర్చమని ఒకరు. హాల్లో శశాంక్ ఫోను టింగుమంది. అతను చూసుకున్నాడు, గబుక్కున లేచాడు, వంటింటి గుమ్మం దాకా వచ్చాడు, అక్కడున్న జనాన్ని చూసి ఆగిపోయాడు.

"వచ్చింది," అన్నాడు.

"ఏం వచ్చిందిరా? ప్రమోషనా?" అంది అతని పెద్దమ్మ భ్రమరాంబ.

"తూములపాడు పక్షుల కేంద్రానికి పాసు, పెద్దమ్మా. రేపు తెల్లవారుజామున. ఇద్దరికి."

'ఇద్దరికి' అన్న మాటను కాస్త ఒత్తి పలికాడు. మంజరి చేతిలో అట్లకాడ అలాగే ఉండిపోయింది. పెసరట్టు మాడింది. అత్తవారింట్లో ఆమె మాడ్చిన మొదటి అట్టు అదే. అయినా అంత అందమైన అట్టు ఆమె కంటికి ఇంతవరకు కనబడలేదు.

"పిట్టల్ని చూడ్డానికి అంత దూరం ఎందుకురా? మన గోడ మీద కాకులు లేవూ?" అంది భ్రమరాంబ. అసలు జవాబు పైకి చెప్పదగింది కాదు. మంజరికీ శశాంక్‌కీ పెళ్ళయినప్పటి నుంచి వాళ్ళిద్దరూ కలిసి ఒక్క గంట ఒంటరిగా ఉన్నది లేదు. పెళ్ళికి వచ్చిన చుట్టాల్లో సగంమంది అక్కడే ఉండిపోయారు. మేడ మీద గది కొత్త దంపతులదే, కాదని ఎవరూ అనరు. కానీ తలుపు వేసిన మరుక్షణం ఎవరో ఒకరు కాఫీతో వస్తారు. కాఫీ తాగేసరికి గ్లాసుల కోసం ఇంకొకరు వస్తారు. గ్లాసులు వెళ్ళాక "మీ గదిలో ఇస్త్రీ పెట్టె ఉందా అమ్మాయ్?" అంటూ మరొకరు వస్తారు. లేకపోతే వెళ్ళరు, ఎక్కడుండొచ్చో మాట్లాడుతూ మంచం మీద కూర్చుంటారు. పెళ్ళికి ముందు గంటలకొద్దీ ఫోనులో కబుర్లు చెప్పుకున్న ఆ ఇద్దరూ ఇప్పుడు ఒకే ఇంట్లో ఉంటూ, ఒకరు హాల్లోంచీ ఒకరు వంటింట్లోంచీ ఫోనులోనే కబుర్లు చెప్పుకోవాల్సి వస్తోంది.

అలాంటి సమయంలో తూములపాడు కేంద్రం నిబంధనలు మంజరి కంటబడ్డాయి. 'ఒక్కొక్క వీక్షణ గుడిసెలో ఇద్దరే ఉండవలెను. మాట వినబడు దూరంలో మూడవ వ్యక్తి ఉండరాదు. సంభాషణ గుసగుసలకు మించరాదు.' ఇంత ప్రేమగా రాసిన వాక్యాలు శశాంక్ కూడా ఆమెకు ఎన్నడూ రాయలేదు. ఆ రోజే పాసుకు దరఖాస్తు పెట్టించింది.

తూములపాడు కేంద్రం గురించి ఇక్కడ కాస్త చెప్పుకోవాలి. పెద్ద చెరువు, చెరువు నిండా తుమ్మచెట్లు. మాఘమాసం వచ్చేసరికి ఎర్రకాళ్ళ కొంగలు ఎక్కడెక్కడి నుంచో వచ్చి ఆ చెట్ల మీద గూళ్ళు కట్టుకుంటాయి. కిందటి వసంతంలో అక్కడికి ప్రేమికులు ఎక్కువగా వచ్చారనీ, చెట్టుకొక జంట చొప్పున కూర్చున్నారనీ, వాళ్ళని చూసి పక్షులు చెడిపోతున్నాయనీ కొందరు పెద్దమనుషులు పై అధికారులకు అర్జీ పెట్టుకున్నారు. పక్షులు ఏ మేరకు చెడిపోయాయో తేల్చడానికి ఒక సంఘం వేశారు. ఆ సంఘం ఋతువంతా చెరువుగట్టున కూర్చుని, పక్షులు పట్టపగలు బహిరంగంగా జంటలు కట్టడం, గూళ్ళు కట్టడం, పిల్లల్ని కనడం కళ్ళారా చూసి దిగ్భ్రాంతి చెందింది. వాటి ముందు మంచి నమూనా ఉంచడం తక్షణ అవసరమని నివేదించింది. అందుచేత ఈ ఏడు వసంతంలో వివాహిత దంపతులకు మాత్రమే ప్రవేశం.

మంజరికి ఆ నిబంధన కూడా నచ్చింది. పెళ్ళయినందుకు ఏదో ఒక లాభం కనబడటం అదే మొదలు.

మర్నాడు ఇంకా చీకటి ఉండగానే, ఇంట్లో ఎవరూ లేవకముందే, చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగి, స్కూటర్ని వీధి చివరి దాకా తోసుకెళ్ళి అక్కడ స్టార్టు చేశారు. పారిపోతున్న ప్రేమికుల్లా ఉన్నామని మంజరికి నవ్వొచ్చింది. ఆ నవ్వు దారంతా ఆగలేదు. పాలబూతు దగ్గర కుక్క తుమ్మితే నవ్వింది. కల్వర్టు మీద మేక ఒకటి సర్పంచిలా కూర్చుంటే నవ్వింది. చలి పోయీ పోనట్టుంది. మామిడితోటల పక్కన పూత వాసన ముఖానికి కొడుతోంది. తెల్లవారే కొద్దీ మోదుగ చెట్లు ఒక్కొక్కటే ఎర్రగా బయటపడుతున్నాయి.

"ఏమన్నా మాట్లాడు మంజూ," అన్నాడు శశాంక్.

"మీరు మాట్లాడండి."

"ఏం మాట్లాడను? పక్కన ఎవరూ లేకపోతే మాటలు రావడం లేదు."

"అయితే ఆగండి. ఉన్న మాటలన్నీ ఇక్కడే అయిపోతే గుడిసెలో ఏం చేస్తాం?"

మొదటి గేటు దగ్గర కాపలాదారు నూకరాజు బల్ల మీద ఆకుపచ్చ గుడ్డలు గుట్టగా పోసుకుని కూర్చున్నాడు. పాసు చూసి, మంజరిని ఎగాదిగా చూసి, పెదవి విరిచాడు.

"ఇన్ని మెరుస్తున్నాయేటమ్మా! గాజులు మోగుతాయి, మెట్టెలు మెరుస్తాయి. కొంగలు చేపలనుకుని కాళ్ళు పొడిచేస్తాయి."

"కొత్త పెళ్ళికూతుర్నండీ. ఏదీ తీయను," అంది మంజరి.

"తీయొద్దమ్మా. తీయించడం మా పని కాదు. కప్పించడం మా పని."

కప్పించాడు. గాజుల మీద ఆకుపచ్చ గుడ్డ చుట్టించాడు. మెట్టెల మీద ఆకుపచ్చ మేజోళ్ళు తొడిగించాడు. మంగళసూత్రం కనబడకుండా పైన ఆకుపచ్చ శాలువా కప్పించి, పిన్నీసు పెట్టించి, పిన్నీసు మీద లక్కతో ముద్ర వేశాడు. ఎరుపు పనికిరాదని కుంకుమ మీద ఆకుపచ్చ స్టిక్కరు అంటించుకోమన్నాడు. ఫోనులు, శశాంక్ ఉంగరం, అతని చొక్కా మీది ఎర్ర గీతలు, అన్నీ ఏదో ఒక విధంగా స్వాధీనమయ్యాయి. గీతల మీద మరో శాలువా పడింది.

"మీరు బయటికొచ్చేదాకా ముద్ర విప్పకూడదు. విప్పితే నేరం," అన్నాడు నూకరాజు.

"ఎలా ఉన్నానండీ?" అంది మంజరి, ఒకసారి గిర్రున తిరిగి.

"అరటాకుల కట్టలా ఉన్నావు. మార్కెట్టుకి తీసుకుపోతే మంచి గిరాకీ," అన్నాడు శశాంక్.

"మీరు మాత్రం? తోటకూర కాడలా నిలబడ్డారు!"

అలా నవ్వుకుంటూ తుమ్మచెట్ల మధ్య కాలిబాట మీద రెండో గేటుకు చేరారు. అక్కడ కేంద్రం అధికారి పరంధామయ్య గారు కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నారు. ఆయన పక్కన బైనాక్యులర్స్ మెడలో వేసుకుని కొంగల సర్వే చేసే చలపతి నిలబడి ఉన్నాడు. వెనకాల గడ్డితో నేసిన వీక్షణ గుడిసె, దాని అవతల నీళ్ళలోకి చొచ్చుకుపోయిన మట్టిదిబ్బ, ఆ అవతల చెట్ల నిండా తెల్లగా కొంగలు. మంజరి గుడిసె వైపు తొంగి చూసింది. గుడిసె ఖాళీగా ఉంది. చిన్నది. ఇద్దరికే సరిపోతుంది.

"సదరు వ్యక్తులు దంపతులేనా?" అన్నారు పరంధామయ్య.

"అవునండీ," అన్నారు ఇద్దరూ.

"రుజువు?"

"సూత్రం ఉందండీ," అంది మంజరి.

"చూపించండి."

"శాలువా కింద ఉందండీ. పైన ముద్ర వేశారు."

"ముద్ర తీస్తే నేరం."

"మరి చూపించమన్నారు కదండీ?"

"చూపించమన్నది రుజువుల విభాగం తరఫున. తీస్తే నేరమన్నది రక్షణ విభాగం తరఫున. రెండు విభాగాలూ ప్రస్తుతం నా అధీనంలోనే ఉన్నాయి. వాటి మధ్య అభిప్రాయభేదాలు లేవు."

మెట్టెలు మేజోళ్ళలో ఉన్నాయి. కుంకుమ స్టిక్కరు కింద ఉంది. పెళ్ళి ఫోటోలు ఫోనులో, ఫోను మొదటి గేటులో ఉన్నాయి. వెళ్ళి తెచ్చుకుంటామంటే, ఒకసారి గేటు దాటిన పాసు మళ్ళీ గేటు దాటదట. రిజిస్ట్రారు ఆఫీసు నుంచి పెళ్ళి పత్రం ఇంకా రాలేదు.

"దంపతులు కాదని తేలితే ఏమవుతుందండీ?" అన్నాడు శశాంక్.

"అక్రమ జంటగా పరిగణింపబడి, ఉభయుల ఫోటో బస్టాండు ఎదుట బోర్డు మీద వసంత ఋతువు ముగిసే వరకు ప్రదర్శింపబడును."

మంజరి మామగారు ప్రతి పొద్దుటా పేపరు కోసం బస్టాండుకే వెళతారు.

ఇద్దరి ముఖాలూ చూసి పరంధామయ్య కాస్త మెత్తబడ్డారు. స్వతహాగా ఆయన చెడ్డవాడు కాదు. పరిష్కారం లేని సమస్యంటే ఆయనకు గిట్టదు, అంతే. కళ్ళు మూసుకుని ఆలోచించారు. తెరిచేసరికి ఆ కళ్ళు మెరుస్తున్నాయి.

"చలపతీ! ఈ కొంగల్లో ఇన్ని జంటలున్నాయని మనం ఏటా లెక్క రాస్తున్నాం కదా. ఏ కొంగనైనా సూత్రం చూపించమన్నామా?"

"లేదు సార్."

"మరి జంటని ఎలా నిర్ధారిస్తున్నాం?"

"నడవడి చూసి సార్. పక్కపక్కన కూర్చుంటాయి. మగది పుల్ల తెచ్చి ఇస్తే ఆడది తీసుకుంటుంది. గూటి దగ్గరికి మూడోది వస్తే తరుముతాయి. ఇంకా ముక్కూ ముక్కూ..."

"ఆ అంశాన్ని సభ్యత దృష్ట్యా మినహాయిస్తున్నాం. మిగిలినవి చాలు." పరంధామయ్య లేచి నిలబడ్డారు. "పక్షికి చెల్లిన విధానం పౌరుడికి చెల్లకపోవడానికి శాఖాపరంగా ఏ అభ్యంతరమూ కనబడటం లేదు. సదరు వ్యక్తులు దిబ్బ మీద ఆసీనులు కావలెను. మేము గుడిసెలోంచి పరిశీలిస్తాము."

అలా మంజరీ శశాంకులు దిబ్బ మీద కూర్చున్నారు. వాళ్ళకు రాసిపెట్టిన గుడిసెలోకి పరంధామయ్య, చలపతి దూరారు. ఆ తర్వాత రెండో గేటు కాపలా మనిషి కూడా దూరాడు, ఎందుకంటే పై అధికారి ఎక్కడుంటే తానూ అక్కడే ఉండాలని అతనికి ఉత్తర్వు ఉంది. ఇంతలో వెనక వచ్చిన మరికొన్ని జంటలను అక్కడే ఆపి, విచారణ ముగిసే దాకా అదే గుడిసెలో వేచి ఉండమన్నారు. గుడిసె గోడల్లోని సందులన్నీ కళ్ళతో నిండిపోయాయి.

"ఎంచక్కా దగ్గరగా కనబడుతున్నారండీ. కొంగలైతే ఎక్కడో ఉన్నాయి," అంది ఒక ఇల్లాలి గుసగుస.

"ఆ పిల్ల గూనిగా కూర్చుంది. నిటారుగా కూర్చోమని ఎవరైనా చెప్పండి," అంది మరొకావిడ.

మంజరి నిటారుగా కూర్చుంది. ఇంట్లో నలుగురే చూసేవాళ్ళు, ఇక్కడ గుడిసెడు మంది. ఏడుపు రావలసిన సమయమే గానీ, శశాంక్ ముఖం చూస్తే ఆమెకు నవ్వొస్తోంది.

"ఆడది కుడివైపు, మగది ఎడమవైపు," చలపతి గుసగుసగా చెబుతున్నాడు. ఏళ్ళ తరబడి సర్వేలు చేసిన గొంతు, గుసగుస కూడా చెరువంతా వినబడుతుంది. "మధ్య దూరం జానెడు. తగ్గుతోంది... తగ్గుతోంది... పెరిగింది సార్."

"మీదమీదకి రాకండి, చూస్తున్నారు," అంది మంజరి పళ్ళ బిగువున.

"చూడాలనే కదా కూర్చోబెట్టారు! బోర్డు మీద ఫోటో కావాలా నీకు?"

"నేను చీమల మీద కూర్చున్నాను. ముందు అటు జరగండి."

"ఇటు బురద. నువ్వే జరుగు."

"పొద్దున్నే తెల్లప్యాంటు వద్దని చెప్పానా లేదా?"

"పోట్లాట మొదలైంది సార్," అన్నాడు చలపతి.

"పెళ్ళయినవాళ్ళే అనిపిస్తోంది," అన్నారు పరంధామయ్య. గుడిసెలోని దంపతులంతా తలలూపారు.

సరిగ్గా అప్పుడు చెరువు మీద ఎండ పడింది. అవతల తుమ్మచెట్లు ఒక్కసారిగా వెలిగాయి. గుడిసెలో ఉన్నవాళ్ళంతా మనుషుల్నే చూస్తున్నారు గనుక, కొంగల్ని చూసే అదృష్టం దిబ్బ మీది ఇద్దరికే దక్కింది. అంత దగ్గర నుంచి మంజరి ఎన్నడూ చూడలేదు. పసుపుపచ్చని పొడవాటి ముక్కు, నారింజరంగు ముఖం, తెల్లటి ఒళ్ళు, రెక్కల చివర ఎవరో గులాబీ రంగు చేత్తో తుడిచినట్టు చిన్న మెరుపు. ఒక మగకొంగ ఎక్కణ్ణుంచో పుల్ల ముక్కున కరుచుకుని వచ్చింది. సగం కట్టిన గూటిలో నిలబడ్డ ఆడకొంగ ముందు దాన్ని పెట్టి, వంగి, పక్కకు జరిగి నిలబడింది. ఆడకొంగ ఆ పుల్లను అటు తిప్పి ఇటు తిప్పి చూసి నీళ్ళలో పారేసింది.

"అయ్యో పాపం!" అంది మంజరి.

మగకొంగ ఏమీ అనుకోలేదు. ఎగిరి వెళ్ళి ఇంకో పుల్ల తెచ్చింది. ఈసారి ఆడకొంగ దాన్ని తీసుకుని గూటి అంచున దోపి, సరిపోయిందో లేదో మెడ వంచి చూసుకుని, మళ్ళీ సర్దింది. ఆ తర్వాత రెండూ ఒకదాని పక్కన ఒకటి నిలబడి ఎండ కాచుకున్నాయి. మంజరి తెలియకుండానే శశాంక్ చెయ్యి పట్టుకుంది. గుడిసె ఉందన్న సంగతే మరిచిపోయింది.

"చూశారా? ఎంత బుద్ధిమంతుడో! మీరెప్పుడైనా నాకొక పుల్ల తెచ్చారా?"

"పెళ్ళికి నెక్లెస్ పెట్టాంగా!"

"అది మీ అమ్మగారు కొన్నది. మీ అంతట మీరు తెచ్చిన పుల్ల కావాలి."

శశాంక్ లేచాడు. దిబ్బ అంచున వంగి వెతికి, తుమ్మకొమ్మ ఒకటి తెచ్చి ఆమె ముందు పెట్టి, కొంగలాగే ఒకసారి వంగి పక్కకు జరిగాడు. మంజరి దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసింది.

"ముల్లుంది," అని చెరువులోకి విసిరేసింది.

"పుల్ల తిరస్కరింపబడింది సార్!" అన్నాడు చలపతి. గుడిసె మొత్తం ఊపిరి బిగబట్టింది.

శశాంక్ మళ్ళీ వెళ్ళాడు. ఈసారి చాలాసేపు వెతికాడు. చివరికి తంగేడు కొమ్మ ఒకటి దొరికింది, కొసన చిన్న పసుపు పూలగుత్తి ఉంది. మంజరి తీసుకుని జడలో దోపుకుని, సరిపోయిందో లేదో తడిమి చూసుకుని, మళ్ళీ సర్దుకుంది.

"స్వీకరింపబడింది!"

చప్పట్లు నిషేధం కాబట్టి గుడిసెలోని వాళ్ళు సందుల్లోంచి ఆకుపచ్చ శాలువాల కొసలు ఊపారు. ఒకావిడ మొగుడి వైపు తిరిగి, "నేర్చుకోండి," అంది.

"ఇక మిగిలింది తరమడం," అన్నారు పరంధామయ్య. "మూడవ వ్యక్తి రావాలి."

"నన్ను వెళ్ళమంటారా సార్?"

"నువ్వు సర్వేయరువి. మూడవ వ్యక్తి పోస్టు మన కేంద్రానికి ఇంకా మంజూరు కాలేదు. పైకి రాస్తాను. ఉత్తర్వు వచ్చే వరకు సదరు జంట దిబ్బ మీదనే ఉండవలెను."

పైకి రాసి, పైనుంచి ఉత్తర్వు వచ్చేదాకా ఈ దిబ్బ మీదే! మంజరికి ఈసారి నవ్వు రాలేదు. సరిగ్గా అప్పుడే గేటు వైపు నుంచి ఒక గొంతు వినబడింది.

"ఖాళీ కడుపులతో వచ్చేశారేంట్రా!"

భ్రమరాంబ. చేతిలో ఆకుపచ్చ గుడ్డ చుట్టిన టిఫిను క్యారేజీ. మొదటి గేటులో దంపతులకే ప్రవేశమంటే, "నేను దంపతుల్లో సగాన్ని, మిగతా సగం బీపీ మాత్ర వేసుకుని ఇంట్లో పడుకుంది," అని చెప్పి వచ్చేసింది. రెండో గేటులో ఆపడానికి ఎవరూ లేరు, అందరూ గుడిసెలో ఉన్నారు. ఆవిడ రొప్పుతూ దిబ్బ ఎక్కి, ఇంట్లో అలవాటు ప్రకారం ఇద్దరి మధ్యా కూర్చుని, క్యారేజీ విప్పింది.

"మూడో ప్రాణి ప్రవేశించింది సార్," అన్నాడు చలపతి. "జంట మధ్యలో కూర్చుంది. ఆహారం అందిస్తోంది. ప్రతిఘటన లేదు."

"టిఫిను ముగిసేలోగా తరమని పక్షంలో దంపతులు కారని రాసుకో. ఫోటోగ్రాఫర్ని పిలిపించు."

మంజరి శశాంక్ వైపు చూసింది. అతని నోటి నిండా ఇడ్లీ ఉంది. నములుతూనే చూపులతో ఏదో చెప్పబోయాడు గానీ, పెద్దమ్మ రెండో ఇడ్లీ పెట్టింది. అతని వల్ల కాదని మంజరికి తెలిసిపోయింది. చిన్నప్పుడు ఎత్తుకు పెంచిన మనిషిని అతనేం తరుముతాడు? తరిమితే తనే తరమాలి. కొత్త కోడలు! ఇంటికి పెద్దదిక్కును! లేచి నిలబడింది.

"పెద్దత్తయ్యగారూ, మీరు వెళ్ళిపోండి."

భ్రమరాంబ చేతిలో చట్నీ గరిటె ఆగింది.

"ఏమన్నావూ?"

"వెళ్ళిపోండి. మాకు ఒక్క గంట కావాలి. కాఫీ వద్దు, ఇడ్లీ వద్దు, ఇస్త్రీ పెట్టె మా గదిలో లేదు. మేమిద్దరమే ఉండాలి." అనేసి మంజరి రెండు చేతులతో నోరు మూసుకుంది.

భ్రమరాంబ ఆమెను కింది నుంచి పైకి చూసింది. "ఈ మాట నీ అంతట నువ్వంటున్నావా, ఆ గుడిసెలో వాళ్ళు అనిపిస్తున్నారా?"

"నా అంతట నేనే."

"మరి ఇన్నాళ్ళూ అనలేదేం?"

"ఎలా అంటానండీ, కొత్త కోడల్ని."

"మేమెలా వదిలేస్తామే, కొత్త కోడలివి!" భ్రమరాంబ గరిటె క్యారేజీలో పడేసింది. "పుట్టిల్లు వదిలొచ్చిన పిల్ల, ఒక్కర్తీ ఉంటే బెంగ పెట్టుకుంటుందని వంతులేసుకున్నాం. పొద్దుట నేను, మధ్యాహ్నం మీ అత్త, సాయంత్రం మీ ఆడపడుచు. నా మోకాళ్ళతో రోజూ ఆ మేడమెట్లు ఎక్కలేక చస్తున్నాను! అక్కడ మా ఆయన ఇంటి దగ్గర మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నాడో లేదో అదొక బెంగ. ఈ పిల్ల ఎప్పుడు పొమ్మంటుందా, ఎప్పుడు పోదామా అని చూస్తుంటే నువ్వేమో ప్రతిసారీ 'కూర్చోండత్తయ్యా' అంటావు!"

"మరి కూర్చోమనకపోతే బావుంటుందా?"

"కూర్చోమంటే కూర్చోకపోతే బావుంటుందా?"

ఇద్దరూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ముందు ఎవరు నవ్వారో చెప్పడం కష్టం. భ్రమరాంబ నవ్వితే ఒళ్ళంతా కదులుతుంది. ఆ కుదుపుకి క్యారేజీ దొర్లి చట్నీ శశాంక్ తెల్లప్యాంటు మీద పడింది.

"నవ్వుతున్నారు సార్," అన్నాడు చలపతి అయోమయంగా. "దీన్ని తరమడం కింద రాయమంటారా?"

"కుదరదు. తరమడమంటే తరమడమే. ఫోటోగ్రాఫరేడీ?"

"ఫోటో ఎందుకు?" అంది భ్రమరాంబ. సంగతి అప్పుడు విప్పి చెప్పారు మంజరీ శశాంకులు. ఆవిడ చీర కుచ్చెళ్ళు బిగించి దోపుకుంది. "అంతేనా! మా పిల్లల్ని పెళ్ళి కానివాళ్ళంటాడా? పప్పన్నం నేను వడ్డించాను! లే అమ్మాయ్, తరుము. కాస్త గట్టిగా తరుము, నేను మెల్లగా పరిగెడతాను."

మంజరి శాలువా కొంగు ఊపుతూ "హుష్, హుష్" అంటూ వెంటపడింది. భ్రమరాంబ "అమ్మో, అమ్మో" అంటూ దిబ్బ దిగి, నవ్వు ఆపుకోలేక ఆగి, మళ్ళీ పరిగెత్తింది. అవతల చెట్ల మీద కొంగలన్నీ మెడలు సాచి చూశాయి. బహుశా వాటి జీవితంలో మనుషుల్ని ఇంత శ్రద్ధగా చూడటం అదే మొదటిసారి. అవి ముక్కులు టకటకా కొట్టుకోవడం మొదలుపెట్టాయి. సభ్యత దృష్ట్యా గుడిసెలో అందరూ కాసేపు తలలు తిప్పుకున్నారు.

పరంధామయ్య గుడిసెలోంచి బయటికి వచ్చి, గొంతు సవరించుకుని, గుసగుసగానే ప్రకటించారు. "ఇందుమూలంగా సమస్త వీక్షకులకు తెలియజేయడమేమనగా, సదరు వ్యక్తులు గూడు కట్టు జంటగా నిర్ధారింపబడ్డారు. తక్షణం వారు రక్షిత జంట అయ్యారు. రక్షిత జంటకు మాట వినబడు దూరంలో ఏ మనిషీ ఉండరాదు. కావున..." ఆయన హఠాత్తుగా ఆగారు. తన కాళ్ళ వైపు చూసుకున్నారు. "కావున మనమందరం ప్రస్తుతం నేరం చేస్తున్నాం. పదండి, పదండి!"

గుడిసె ఖాళీ అయింది. అందరూ మునివేళ్ళ మీద వెనక్కి నడవడం మొదలుపెట్టారు. మంజరి శశాంక్ పక్కన కూలబడింది. నమ్మకం కలగడం లేదు. చెరువు, ఎండ, కొంగలు, చట్నీ ప్యాంటు, తనూ, అతనూ.

అయితే పరంధామయ్య పని సగంలో వదిలే మనిషి కాదు. కొంత దూరం వెళ్ళి, నోటి చుట్టూ చేతులు పెట్టుకుని, ఆకాశాన్ని అడుగుతున్నట్టు అడిగారు. "గూడు ఎక్కడ?"

"గాంధీ వీధిలో, మేడ మీద గది," అని భ్రమరాంబే చెప్పింది.

"రేపు ఉదయం మా సిబ్బంది వచ్చి గది చుట్టూ తాడు కట్టి, బోర్డు పెడతారు. లోపలికి ఎవరినీ పోనివ్వరు. చలపతి ఎదురింటి మేడ మీద బైనాక్యులర్స్‌తో ఉండి తదుపరి పరిణామాలు నమోదు చేస్తాడు."

మంజరి ఉలిక్కిపడి శశాంక్ భుజం పట్టుకుంది. అతను లేవబోయాడు. కానీ భ్రమరాంబ అప్పటికే అధికారి పక్కన చేరి, ఆయన్ని గేటు వైపు నడిపిస్తోంది. ఆవిడకు గుసగుసలాడటం రాదు. ఆ గొంతు దూరమవుతున్న కొద్దీ ఇంకా స్పష్టంగా దిబ్బ మీదికి వినబడింది.

"తాడు కట్టండి బాబూ, చాలా మంచిది, మెట్ల దగ్గర కాపలా నేను కూర్చుంటాను. చుట్టాలందరికీ సాయంత్రం బస్సుకి నేనే టిక్కెట్లు కొనిపెడతాను. కానీ ఈ గొట్టాల కళ్ళజోడు అబ్బాయి సంగతి వేరు. రేపు తెల్లవారేసరికి ఇంట్లో ఉన్న చీరలన్నీ తడిపేస్తాను, ఉతకాల్సినవీ ఉతకక్కర్లేనివీ. మేడకి నాలుగు వైపులా ఆరేస్తాను. ఎండిపోతే మళ్ళీ తడిపి ఆరేస్తాను. ఆ జరీ అంచుల్లోంచి ఈయన ఏ పరిణామాలు చూస్తాడో నేనూ చూస్తాను!"